తల తిప్పుకోమన్న చదువు

మొన్న శనివారం మా పక్కింటి వాళ్ళమ్మాయి వచ్చింది. ఇక్కడే డెట్రాయిట్ దగ్గర నోవైలో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు కాస్త వంకరగా అయినా బాగానే మాట్లాడుతుంది, ఎక్కడ కనపడినా ఆంటీ ఆంటీ అంటూ చుట్టుకుపోతుంది. ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు మంచినీళ్ళు ఇవ్వడం మనకి అలవాటు కదా, నేను గ్లాసు తీసి నింపేలోపే తన బ్యాగులోంచి ఇంతెత్తు స్టీలు బాటిల్ తీసి, "వద్దు ఆంటీ, నాకు వాటర్ ఉంది" అంది. సరేనని గ్లాసు మళ్ళీ బోర్లించాను గానీ, చెయ్యి అలా ఖాళీగా ఉండిపోయినట్టనిపించింది. అప్పుడు తను కౌంటర్ దగ్గర స్టూలెక్కి కూచుని, మాస్టర్స్‌లో చేరింది కదా, ఆ ట్రైనింగ్ గురించీ, దాని మీదున్న సూపర్‌వైజర్ గురించీ ఒకటే సణుగుడు. పిల్లలతో పని, డ్రైవ్ చేసి చేసి నడుం పడిపోతోంది, ఏం చేసినా తప్పంటుంది ఆవిడ, అని. ఏం చదువుతున్నావే అంటే బిహేవియర్ ఎనాలిసిస్ అంది, మనిషి ప్రవర్తన గమనించి దాన్ని మార్చే చదువు. నాకు నవ్వొచ్చింది. నేనూ అదే చదివానే అన్నాను.

"మీరా! నిజంగా ఆంటీ? మరి ఎందుకు వదిలేశారు?"

నేను పకోడీలు వేస్తున్నదాన్ని, ఉప్పు చూడమని ఒక పకోడీ దాని నోట్లో పెట్టి మాట దాటేశాను. అది తిని, బాగుందని చెప్పి, బాటిల్ పట్టుకుని వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ రోజు సాయంత్రం నుంచీ ఇదే ఆలోచన, చపాతీలు చేస్తున్నా అదే, బట్టలు మడతపెడుతున్నా అదే. ఎందుకు వదిలేశానో దానికి చెప్తే అర్థమవుతుందో లేదో గానీ, నాలాగా ఎనభైల్లో ఇక్కడికొచ్చి, ఒంటి మీద మొగుడి కోటూ నెత్తిన ఊలు టోపీతో మంచులో బస్సులకోసం నిలబడ్డ మీకైతే అవుతుందని ఇలా మొదలుపెట్టాను.

నాకు పెద్ద చదువేం లేదు. మా ఊళ్ళో ఆడపిల్లల కాలేజీలో బి.ఏ. బొటాబొటీ మార్కులతో గట్టెక్కిన దాన్ని. పెళ్ళవగానే డెట్రాయిట్ పక్కన అపార్ట్‌మెంట్‌లోకొచ్చి పడ్డాను. మావారు కార్ల కంపెనీలో ఇంజినీరు, పొద్దున చీకట్లో వెళ్ళి సాయంత్రం చీకట్లో వచ్చేవారు. నా సంగతి మీకు తెలీదు గానీ, నేను మాట్లాడకుండా గంటసేపు ఉంటే ఒంట్లో బాగోలేదేమోనని మా ఇంట్లో నుదురు పట్టుకుని చూసేవారు. అలాంటిదాన్ని రోజంతా గోడల మధ్య కూచోబెడితే ఎలా ఉంటుంది? కిటికీలోంచి మంచు చూసి ఎన్నాళ్ళని మురుస్తాం? అందుకని బస్సెక్కి యూనివర్సిటీ వాళ్ళు నడిపే పిల్లల సెంటర్‌లో ఊరికే సాయం చెయ్యడానికి వెళ్ళడం మొదలుపెట్టాను. మాటలు రాని పిల్లలు, ఒకచోట నిలవని పిల్లలు, ముట్టుకుంటే ఉలిక్కిపడే పిల్లలు. వాళ్ళతో నేను తెలుగులోనే గలగలా వాగేదాన్ని. వాళ్ళకి ఇంగ్లీషు అర్థం కాదు, తెలుగూ అర్థం కాదు, నాకేం తేడా! కానీ పక్కన కూచుని వినేవాళ్ళు. అది చూసి అక్కడి ప్రొఫెసర్ గారు, పొడుగ్గా సన్నగా ఎప్పుడూ గోధుమరంగు స్వెట్టరే వేసుకునే మనిషి, నువ్వు మా ప్రోగ్రామ్‌లో చేరకూడదా అన్నారు. ముందు కొన్ని కోర్సులు పాసవ్వాలని షరతు పెట్టి సీటిచ్చారు. నేను ఎగిరి గంతేశాను. నాకేం తెలుసు!

చేరాక తెలిసింది అది నా నోటికీ నా మనసుకీ పడే చదువు కాదని. మొట్టమొదట ఒక్కొక్కరికీ ఒక తెల్లెలుకని అంటగట్టారు. దాన్ని ఆకలితో ఉంచాలట, ఆకలిగా ఉంటేనే పెట్టెలో మీట నొక్కడం నేర్చుకుంటుందట. వినాయకుడి వాహనాన్ని పస్తు పెట్టి నేను ఇంటికెళ్ళి అన్నం ఎలా తినను? మావారితో అంటే, "రెండు పూటలూ తిని మరీ ఏడుస్తున్నావుగా" అని నవ్వారు. సరే, ఎలుక గండం గడిచింది. తర్వాత రిపోర్టులు. ఈ చదువులో కంటికి కనపడిందీ, చెవికి వినపడిందీ తప్ప ఇంకోటి రాయకూడదు. నేను సెంటర్‌లో ఒక పాప గురించి కోపమొచ్చింది అని రాశాను.

ప్రొఫెసర్ గారు ఆ వాక్యం కింద గీత గీసి, "కోపం ఎక్కడ చూశావు? ఏ రంగులో ఉంది?" అన్నారు.

"మొహం చూస్తే తెలీదా సార్?" అన్నాను.

"మొహంలో ఏం చూశావో అది రాయి."

కనుబొమలు దగ్గరికొచ్చాయి, పళ్ళు కనపడ్డాయి, అని రాయాలట. ఆకలేసింది అనకూడదు, బెంగ పెట్టుకుంది అనకూడదు, ఇష్టం అనకూడదు. మనం నోరు తెరిస్తే పాపం అంటాం కదండీ, బస్సు తప్పిపోయినవాణ్ణి చూసినా పాపమే, ముల్లు గుచ్చుకున్న కుక్కని చూసినా పాపమే. ఆ ఒక్క మాటకీ ఇంగ్లీషులో ఎంత వెతికినా సరైనది దొరకలేదు, దొరికినా రాయనిచ్చేవారు కాదు. రాసిందే మళ్ళీ మళ్ళీ రాసి, వేళ్ళు నొప్పులు పుట్టి, ఎన్నిసార్లు పెన్ను విసిరికొట్టానో.

రెండో ఏడు థీసిస్. ఒక్కొక్కరూ ఒక పిల్లనో పిల్లాణ్ణో తీసుకుని ఒక మాట నేర్పాలి. అడిగితే వస్తుంది అని ఆ పిల్లకి తెలిసేలా, మాట అన్నప్పుడల్లా ఆ వస్తువు చేతికివ్వాలి. నా తోటి స్టూడెంట్ ఒకమ్మాయి ఉండేది, ఓహాయో నుంచి వచ్చింది, బుగ్గలనిండా మచ్చలు, నా ఇంగ్లీషు అర్థమయ్యే ఒకే ఒక్క మనిషి. ఆ అమ్మాయి బిస్కెట్ అనే మాట ఎంచుకుంది. ఇంకొకతను బంతి. ఇంకొకావిడ బుడగలు. నాకు వచ్చింది ఏడేళ్ళ పాప. తెల్లటి జుట్టు, నీలం కళ్ళు, నోటివెంట ఒక్క మాట లేదు. ఏదన్నా కావాల్సొస్తే తన చెయ్యి తనే కొరుక్కుని అరిచేది, అది నీళ్ళకో, బయటికెళ్ళడానికో, పొట్టలో నొప్పికో మనమే ఊహించుకోవాలి. దానికి ఏ మాట నేర్పాలి అని అడగ్గానే నేను ఆలోచించను కూడా లేదు. మంచినీళ్ళు అన్నాను.

ఎందుకంటే ఏం చెప్పను. మా అమ్మ ఎండాకాలం వీధరుగు మీద కుండలో నీళ్ళు పెట్టి, ఎవరు అడిగినా తన పని ఆపి లేచి ముంచిచ్చేది. పోట్లాడుకుని మాటల్లేని పక్కింటావిడకి కూడా మంచినీళ్ళ దగ్గర మాత్రం లేదనేది కాదు. ఒక మనిషికి ఒక్క మాటే వచ్చే రాత ఉంటే అది మంచినీళ్ళే అయ్యుండాలని నాకు అనిపించింది. అక్కడే నేను బోల్తా పడ్డాను. బిస్కెట్టో బంతో అని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఆ శీతాకాలమంతా ఆ పాపకీ నాకూ అదే పని. చిన్న గది, బల్ల, రెండు కుర్చీలు, అలమర మీద నీళ్ళ జగ్గు, కాగితం కప్పులు, ఒక గోడకి పెద్ద అద్దం. ఆ అద్దంలో మాకు మా మొహాలే కనపడతాయి, అవతలి గదిలోవాళ్ళకి మాత్రం మేం కనపడతాం. ప్రొఫెసర్ గారూ, ఓహాయో అమ్మాయీ అక్కడ కూచుని రాసుకునేవారు. నేను కప్పు చూపించి, వాటర్ అని, అది పెదవి కదిపితే ఒక గుక్క, గొంతులోంచి శబ్దమొస్తే ఇంకో గుక్క. వారాలు గడిచిపోయాయి. విసుగొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. ఒక రోజు, బయట మంచు కురుస్తోంది, నేను జగ్గు దగ్గర నిలబడి మూత తీస్తున్నానో లేదో, వెనకనించి "వా" అని వినపడింది. తిరిగి చూస్తే నా వంకే చూస్తోంది. మళ్ళీ "వా" అంది. కప్పు నిండా పోసిచ్చాను, నా చేతి మీద కూడా ఒలికిపోయాయి. కోటు కూడా వేసుకోకుండా బయట ఫోను దగ్గరికి పరుగెత్తి మావారికి చెప్పాను.

"నీళ్ళే కదే అడిగింది, లాటరీ తగిలినట్టు అరుస్తున్నావేంటి, ఆఫీసులో అందరూ చూస్తున్నారు" అన్నారు గానీ, ఆ సాయంత్రం వచ్చేటప్పుడు ఐస్‌క్రీమ్ డబ్బా పట్టుకొచ్చారు.

ఆ తర్వాత పాప రోజూ అనేది, దాహమేసినప్పుడల్లా అనేది. చెయ్యి కొరుక్కోవడం బాగా తగ్గింది. నేను ఇంక థీసిస్ రాసేసి డిగ్రీ పుచ్చుకోవడమే తరవాయి అనుకుంటున్నాను. అప్పుడు ప్రొఫెసర్ గారు పిలిచి, ఇప్పుడు తీసెయ్యి అన్నారు.

ఏం తియ్యాలో నాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గానే చెప్పారు. మాట నువ్వు నీళ్ళిచ్చినందుకే వచ్చిందని ఏమిటి నమ్మకం, వయసొచ్చి దానంతటదే వచ్చిందేమో. కాబట్టి కొన్నాళ్ళు అది అన్నా ఇవ్వకు, విననట్టు తల తిప్పుకో. మాట పోతుంది. మళ్ళీ ఇవ్వడం మొదలుపెట్టు, మాట వస్తుంది. అప్పుడు రుజువవుతుంది. దాహంతో ఏం ఉంచం, ముందూ వెనకా వేరేవాళ్ళు నీళ్ళు తాగిస్తారు, నీ గదిలో అడిగినప్పుడు మాత్రం ఇవ్వకూడదు, అంతే.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారికి చెప్పాను. ఇంజినీరు కదా, ఆయనకి టక్కున అర్థమైపోయింది. "స్విచ్చేస్తే లైటు వెలిగింది. ఆర్పి చూస్తేనేగా ఆ స్విచ్చుదే అని తెలిసేది?"

"ఆ పిల్ల లైటా అండీ?"

"నేనన్నానా? మీ ప్రొఫెసర్ చెప్పినదానికి అర్థం చెప్పాను."

"మీరూ ఆ ప్రొఫెసరూ కలిసి ఆర్పుకోండి," అని పప్పు గిన్నె ఠంగున పెట్టాను. పాపం ఆయనేం చేశారు.

ఓహాయో అమ్మాయి అప్పటికే తన బిస్కెట్ ఆపేసి, మళ్ళీ ఇచ్చి, మాట పోయి రావడం చూపించి, హాయిగా థీసిస్ రాసుకుంటోంది. వాళ్ళ పిల్లాడు రెండు రోజులు మూతి ముడుచుకుని ఊరుకున్నాడట. బిస్కెట్ కదా! బిస్కెట్ వద్దని మనమూ రోజూ అంటాం పిల్లలతో. మంచినీళ్ళు అడిగితే ఎవరంటారండీ వద్దని? అది చెప్పడానికి నేను మళ్ళీ ప్రొఫెసర్ గారి దగ్గరికెళ్ళాను. మా ఇళ్ళల్లో ఇలా కాదు సార్, మంచినీళ్ళు అడిగితే ఇవ్వకపోవడం మా చేత కాదు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మరి ఆ మాట ఎందుకు ఎంచుకున్నావు?" అన్నారు.

సరే, ఆ అద్దం గదికి వెళ్ళాను. పాప వచ్చి కూచుంది. కొంతసేపు చెక్కముక్కలు పేర్చుకుంది. జగ్గు వంక చూసి "వా" అంది. నేను తల తిప్పుకున్నాను. తిప్పుకుంటే ఎదురుగా అద్దం, అందులో నా మొహం నాకే కనపడుతోంది, దాని వెనక వాళ్ళు రాసుకుంటున్నారు. మళ్ళీ "వా" అంది. వినపడలేదేమో అనుకున్నట్టుంది, కుర్చీ దిగి నా దగ్గరికొచ్చి, నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుని, ముద్దగా, మెల్లగా, నాకు నేర్పుతున్నట్టు, "వా" అంది.

నేను కదల్లేదు. ఎలా కదలకుండా ఉన్నానో నాకు తెలీదు. అప్పుడు అది వెనక్కి తగ్గి, పెద్దగా అరిచి, చెయ్యి కొరుక్కోవడం మొదలుపెట్టింది. ఎర్రగా పళ్ళ గుర్తులు పడుతున్నాయి. ఇంక నా వల్ల కాలేదు. లేచి కప్పు నింపి దాని నోటికి పెట్టేశాను.

ప్రొఫెసర్ గారు లోపలికొచ్చారు. కోప్పడలేదు, కోప్పడి ఉంటే నయం, తిరిగి అరిచేదాన్ని. మెల్లగా, "ఇప్పుడు నువ్వు ఏం నేర్పావో తెలుసా? అడిగితే నీళ్ళు రావు, అరిచి కొరుక్కుంటే వస్తాయి అని" అన్నారు.

ఆయన అన్నంతా అయింది. మర్నాటినుంచి పాప "వా" అనడం మానేసింది. దాహమేస్తే ఒక్కసారిగా అరుపే, చెయ్యి నోట్లోకి. ఒక శీతాకాలం మొత్తం పట్టిన మాట ఒక్క పూటలో పోయింది. నాకు ఒళ్ళు మండిపోయేది, ఆయన మీద, నా మీద, ఆ అద్దం మీద. ఆయన చెప్పిందీ సబబే, నేను చేసిందీ సబబే, మధ్యలో దాని మాట పోయింది. ఇప్పటికీ వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆయనతో వాదిస్తూ ఉంటాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడతారు, గెలిచేది మాత్రం ఎప్పుడూ నేను కాదు.

ఓహాయో అమ్మాయే ఒక దారి చెప్పింది. ఉన్న మాట తీసేసి చూపించక్కర్లేదు, ఒకదాని తర్వాత ఒకటి కొత్త మాటలు నేర్పుకుంటూ పో, నేర్పినప్పుడే ప్రతి మాటా వస్తోందని కనపడితే అదీ రుజువేగా అంది. పుస్తకంలో ఉందట ఆ పద్ధతి! ముందే ఎందుకు చెప్పలేదమ్మా తల్లీ అని దాన్ని పట్టుకుని ఊపేశాను. ప్రొఫెసర్ గారిని అడిగితే, చెయ్యొచ్చు, కానీ మొదటినుంచీ మొదలుపెట్టాలి, ఇంకో ఏడాది పడుతుంది అన్నారు. మాకు ఏడాది ఎక్కడిది? మావారిని కంపెనీవాళ్ళు వేసవికల్లా ఇండియానా ప్లాంటుకి మార్చేశారు. ఇప్పట్లోలాగా ఇంట్లో కూచుని కంప్యూటర్‌లో చదువుకునే రోజులా అవి? ఏళ్ళ తర్వాత మళ్ళీ ఇటే వచ్చాం గానీ, డిగ్రీ అక్కడితో సరి.

మిగిలిన వారాలు మాత్రం నేను వెళ్తూనే ఉన్నాను. థీసిస్ లేదు, అద్దం వెనక ఎవరూ లేరు. మళ్ళీ మొదటినుంచీ, పెదవి కదిపితే గుక్క, శబ్దమొస్తే గుక్క, అరవకముందే కనిపెట్టి కప్పు చూపించడం. మెల్లగా "వా" తిరిగొచ్చింది. కానీ ఇక్కడ ఇంకో చిక్కు. నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా అనదు. నేను గదిలో లేకపోతే మళ్ళీ అరుపే. నేనేమో సామాన్లు సర్దుకుంటున్నాను. నేను వెళ్ళిపోయాక దీని మాట ఎవరు వింటారు? వినేవాళ్ళు లేకపోతే మళ్ళీ పోతుంది కదా!

ఏం చెయ్యాలో తోచక, ఆఖరి రోజున మన పద్ధతిలోనే చేశాను. పెళ్ళిలో అప్పగింతలు ఉంటాయి చూడండి, పిల్ల చేతులు అత్త చేతిలో, మావ చేతిలో, ఆడపడుచు చేతిలో పెట్టి, మా పిల్ల మీ ఇంటికొస్తోంది చూసుకోండి అని ఏడుస్తూ చెప్తారు కదా, అలాగ. ఒక చేత్తో పాపనీ, ఇంకో చేత్తో నీళ్ళ జగ్గూ పట్టుకుని సెంటర్ అంతా తిరిగాను. వంటగదిలో లావుపాటావిడ, బస్సు నడిపే ముసలాయన, మధ్యాహ్నం డ్యూటీ టీచరు, తుడిచే అబ్బాయి, ఒక్కొక్కరి చేతిలో దాని చెయ్యి పెట్టి, ఇది వా అంటే మంచినీళ్ళు ఇవ్వండి, ఏ పనిలో ఉన్నా సరే ఇవ్వండి అని చెప్పాను. నేనెందుకు ఏడుస్తున్నానో వాళ్ళకి తెలీదు. బస్సాయన మాత్రం టోపీ తీసి, "యెస్ మేడమ్" అన్నాడు బుద్ధిగా. వంటావిడ దగ్గర అది చాలాసేపు నేల చూపులు చూసి, చివరికి నా కొంగు, అదే, నా స్వెట్టరు అంచు పట్టుకునే "వా" అంది. ఆవిడ నీళ్ళు పోస్తూ, "బంగారు తల్లీ, ముందే చెప్పొచ్చుగా" అంది, అచ్చం మా అమ్మ అన్నట్టే.

ఆఖరికి ప్రొఫెసర్ గారి గది. ఆయన అంతా వినేసే ఉన్నారు. "ఇలా పది మంది చేతుల్లో నేర్పించాలి, మొదట్నించీ చెయ్యాల్సింది ఇదే" అన్నారు. చూడండి, వెళ్ళిపోయే రోజున చెప్పే మాటా ఇది! నేను పాప చెయ్యి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఆ పొడుగు కాళ్ళు మడిచి కింద కూచుని కప్పు పట్టుకుని ఎదురుచూశారు. అది మాట్లాడలేదు. కిటికీ వంక చూస్తోంది. అప్పుడు ఆయన, మాట వస్తే గానీ ఇవ్వకూడదని రెండేళ్ళు నా ప్రాణం తీసిన మనిషి, జగ్గు నా చేతిలోంచి తీసుకుని, కప్పు నింపి, అడక్కుండానే దాని చేతికిచ్చేశారు.

పాప గటగటా తాగింది. ఆ కప్పేదో ఆ రోజు అద్దం గదిలో అది మొదటిసారి అడిగినప్పుడే నన్ను ఇవ్వనిచ్చి ఉంటే ఏం పోయేదండీ?

మొన్న ఆ పకోడీ తింటున్నప్పుడే కాస్త చెప్పించుకున్నాను పక్కింటి పిల్లతో. ఇప్పుడు అలా ఉన్న మాట తీసి చూడటం చాలా తక్కువట, పిల్లకి ఇష్టం లేకపోతే ఆపెయ్యాలట. ఇష్టం అనే మాట రాయనిస్తున్నారా అంటే, "ఆఫ్ కోర్స్ ఆంటీ" అంది వింతగా చూస్తూ. మంచిదే. మనం పడ్డది వీళ్ళు పడక్కర్లేదు. కానీ ఇంకోటి కూడా మారిపోయింది. ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా ఎవరి బాటిల్ వాళ్ళకి ఉంటోంది. మనవరాలికీ ఉంది, అమెజాన్ డబ్బాలు తెచ్చే అబ్బాయికీ ఉంది. కాసిని మంచినీళ్ళు ఇస్తారా అని నన్ను అడిగి ఎన్నేళ్ళయిందో. గ్లాసులన్నీ అలమరలో బోర్లించే ఉంటున్నాయి.

ఆ పాపకి ఇప్పుడు యాభైకి దగ్గర పడి ఉంటాయి. ఏ ఊళ్ళో ఉందో, ఏ ఇంట్లో ఉందో, ఎవరు చూసుకుంటున్నారో. ఆ రోజు దాని చెయ్యి పెట్టిన ఆ చేతులు కూడా ఇప్పుడు చాలావరకు లేవేమో. ఎక్కడున్నా, దాహమేసినప్పుడు ఎవరి గడ్డమో పట్టుకుని తన వైపు తిప్పుకుని "వా" అంటూనే ఉందనుకుంటాను. ఆ ఎదురుగా ఉన్నవాళ్ళెవరో తల తిప్పుకోకుండా ఉంటే చాలు.